పారిస్ టిక్కెట్టు ఎవరు కొంటారు?

పెళ్లివారి తగాదాలు మనకు కొత్త కాదు. విడిదికి పంపిన కాఫీ చల్లారిపోయిందని ఒకరు, ఆడపడుచు లాంఛనం దగ్గర చెయ్యి వెనక్కి తీశారని ఒకరు, ముందు బొట్టు పెట్టి పిలవవలసిన పెద్దత్తయ్యని ఆఖర్న పిలిచారని ఇంకొకరు అలగడం, వాళ్లని బతిమాలి పంక్తిలో కూర్చోబెట్టడం మన కథల్లోనూ సినిమాల్లోనూ కావలసినంత చూశాం. పెళ్లికూతురి స్నేహితురాళ్లు మాత్రం ఎందుకో ఎప్పుడూ ఒక మూలే ఉండిపోతారు. జడ వేస్తారు, గోరింటాకు పెడతారు, పెళ్లికొడుకుని ఆట పట్టిస్తారు, అప్పగింతలప్పుడు కళ్లొత్తుకుంటారు. అంతటితో వాళ్ల పాత్ర సమాప్తం. వాళ్లలో వాళ్లకి మాట పట్టింపు ఏదైనా వచ్చిందా, ఎవరైనా పెరట్లోకి వెళ్లి చాటుగా ఏడ్చారా అని పట్టించుకునేవాళ్లు అరుదు.

పాశ్చాత్యుల కథల్లో అలా కాదు. అక్కడ తోడిపెళ్లికూతురు పని ఒక చిన్న సైజు ఉద్యోగం. పెళ్లికూతురు తన నేస్తాల్లో కొందరిని ఎంచుకుని, వాళ్లలో ఒకతెను పెద్దగా నియమిస్తుంది. పెళ్లికి కొన్ని వారాల ముందు అందరినీ కూడగట్టి పెళ్లికూతురి చేత ఆఖరుసారిగా స్వేచ్ఛగా ఆటపాటలాడించడం ఆ పెద్ద బాధ్యత. దాన్ని ఇంగ్లండులో 'హెన్ పార్టీ' అంటారు, అమెరికాలో 'బ్యాచిలరెట్ పార్టీ' అంటారు. ఒకప్పుడు ఉన్న ఊళ్లోనే ఒక సాయంత్రంతో ముగిసే ఈ ముచ్చట ఇప్పుడు శుక్రవారం విమానం ఎక్కి ఆదివారం దిగే యాత్ర అయింది. లండన్ పిల్లలు బార్సిలోనాకో ప్రాగ్‌కో ఎగురుతారు. అమెరికా పిల్లలు లాస్ వెగాస్‌కో నాష్‌విల్‌కో వెళతారు. టిక్కెట్లు, హోటలు గదులు, అందరికీ ఒకే రకం చొక్కాలు, విందులు! ఎవరి ఖర్చు వాళ్లదే. పైపెచ్చు పెళ్లికూతురి వాటా కూడా చాలాచోట్ల మిగతావాళ్లే పంచుకుంటారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకీ ఈ పిలుపులు వస్తున్నాయి. రానంటే స్నేహం తక్కువైనట్టు, వస్తానంటే నెల జీతంలో సగం ఎగిరిపోయినట్టు!

ఈ ప్రయాణాల చుట్టూ అల్లిన కథల్ని దగ్గర పెట్టుకుని చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఊరిని నమ్ముకున్న కథలు తేలిపోయాయి. జమాఖర్చుల పద్దుని నమ్ముకున్న కథలు నిలబడ్డాయి.

ఊరిని నమ్ముకున్నవి ముందు చెప్పి పక్కన పెట్టేద్దాం. 2017లో వచ్చిన 'రఫ్ నైట్' అనే అమెరికన్ సినిమాలో కాలేజీ నేస్తాలు పెళ్లికూతురిని తీసుకుని మయామీ వెళతారు. తాగుతారు, తూలుతారు, ఒక మనిషి వాళ్ల చేతుల్లో ప్రాణం వదులుతాడు, ఆ శవాన్ని ఏం చెయ్యాలా అని మిగతా సినిమా అంతా హైరానా. 2009లో మగవాళ్ల మీద తీసిన 'ది హ్యాంగోవర్'కి చీర కట్టినట్టుంటుంది. మగవాళ్లు చేసిన అల్లరల్లా ఆడవాళ్లూ చెయ్యగలరని నిరూపించడానికి అంత కష్టపడాలా? మన హిందీలో 2018లో వచ్చిన 'వీరే ది వెడ్డింగ్' కూడా ఆ కోవలోదే. నలుగురు ఢిల్లీ నేస్తాలు థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ ద్వీపానికి వెళ్లి మనసు విప్పుకుంటారు. విప్పుకోవడం బాగానే ఉంది. కానీ ఆ మాటలకి అంత సముద్రం ఎందుకు? ఢిల్లీలో ఒక మేడమీద పిట్టగోడకి ఆనుకుని చెప్పుకోలేని మాట వాటిలో ఒక్కటీ లేదు. ఊరు వెనక తెరలాగా వేలాడుతుందే తప్ప కథలోకి దిగదు.

ఇక పద్దు సంగతికి వద్దాం. 2011లో వచ్చిన 'బ్రైడ్స్‌మెయిడ్స్', అంటే తోడిపెళ్లికూతుళ్లు. క్రిస్టెన్ విగ్, యానీ ముమోలో అనే ఇద్దరు స్త్రీలు కలిసి రాస్తే పాల్ ఫీగ్ దర్శకత్వం వహించాడు. ఆ రచనకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. బట్టలకొట్లో అందరికీ ఒకేసారి కడుపు చెడిపోయే మోటు హాస్యం ఒకటుంది. చాలామంది దాన్నే తలుచుకుని నవ్వుతారు, లేదా దాన్నే తలుచుకుని మొహం చిట్లిస్తారు. ఆ సన్నివేశాన్ని దాటి చూడగలిగితే, చేతిలో డబ్బు లేని ఆడపిల్ల మనసుని ఇంత దగ్గరగా చూసిన నవ్వుల సినిమా మరొకటి చప్పున గుర్తుకు రాదు.

కథ చిన్నది. యానీ, లిలియన్ చిన్ననాటి నేస్తాలు. యానీ ముచ్చటపడి పెట్టుకున్న కేకుల దుకాణం ఆర్థిక మాంద్యంలో మూతపడింది. దానితో కాస్త మనసూ మూతపడింది. ఇంతలో లిలియన్‌కి పెళ్లి కుదురుతుంది. యానీనే పెద్ద తోడిపెళ్లికూతురు అంటుంది. అక్కడ హెలెన్ ప్రవేశిస్తుంది. లిలియన్‌కి కొత్త స్నేహం, కాబోయే భర్త వైపు పరిచయం. అందం, అంతకు మించి ఐశ్వర్యం. స్నేహితురాళ్లంతా కలిసి ఎక్కడికైనా వెళ్దామన్న ప్రస్తావన వస్తే, లిలియన్ వాళ్ల అమ్మానాన్నలకి చెరువుగట్టున ఇల్లుంది, అక్కడికి వెళ్దామంటుంది యానీ. లాస్ వెగాస్ వెళ్దామంటుంది హెలెన్. ఏ మాట నెగ్గుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ చర్చలో 'నా దగ్గర అంత డబ్బు లేదు' అన్న ఒక్క మాట యానీ నోట రాదు. గమనించండి, కథ అంతా ఆ రాని మాట మీదే నడుస్తుంది. విమానంలో మిగతావాళ్లంతా ముందు, పెద్ద సీట్లలో. టిక్కెట్టు నేను కొంటానని హెలెన్ అన్నా, అభిమానం అడ్డొచ్చిన యానీ వెనక చవక సీట్లో. అసలే విమానమంటే భయం. హెలెన్ ఇచ్చిన మాత్ర, దాని మీద మద్యం. ఇంకేముంది, మత్తులో లేచి ఆ రెండు తరగతుల మధ్య ఉన్న తెరను పదేపదే దాటి ముందుకు వస్తుంది. పనివాళ్లు పదేపదే వెనక్కి పంపుతారు. నవ్వి నవ్వి పొట్ట చెక్కలవుతుంది. నవ్వు ఆగాక ఆ తెర గుర్తుంటుంది. ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు పిల్లల మధ్య ముప్పయ్యేళ్లు దాటాక ఎవరు వేశారు ఆ తెర? లిలియన్ వెయ్యలేదు. యానీ వెయ్యలేదు. ఆ మాటకొస్తే హెలెన్ కూడా వెయ్యలేదు. అయినా అది అక్కడ వేలాడుతోంది.

చివరికి ఆ గొడవకి విమానాన్ని వ్యోమింగ్ రాష్ట్రంలోని కాస్పర్ అనే ఊళ్లో దింపేస్తారు. లాస్ వెగాస్ దీపాలు ఒక్కటి కూడా మనకి కనబడవు. అందరూ బస్సెక్కి ఇంటిదారి పడతారు. ఆ బస్సులోనే లిలియన్ నొచ్చుకుంటూ, ఇకనుంచి ఏర్పాట్లన్నీ హెలెన్ చూసుకుంటుందిలే అంటుంది. ఎంత సున్నితంగా అన్నా ఉద్యోగంలోంచి తీసెయ్యడం తీసెయ్యడమేగా! ఈ సినిమా రాసినవాళ్ల తెలివి నాకు ఇక్కడే కనబడింది. యాత్ర గురించిన కథలో యాత్ర జరగలేదు. ప్రయాణం ఊరు చేరకముందే, నిజానికి ఊరు ఎంచుకున్న రోజునే, చెడిపోయింది.

అసలు ముల్లు ఆ తరవాత గుచ్చుకుంటుంది. పారిస్ వెళ్లాలని లిలియన్‌కి ఎప్పటినుంచో కల. పెళ్లికూతురికి కానుకలిచ్చే పేరంటం లాంటి వేడుకని పారిస్ అలంకారంతో చెయ్యాలని యానీకి వచ్చిన ఊహ. హెలెన్ ఆ ఊహని తీసుకుని, తన భవంతిలో తన డబ్బుతో పారిస్‌నే దింపేస్తుంది. యానీ తన చేత్తో చేసిన ఒక పెట్టె ఇస్తుంది. అందులో ఇద్దరి చిన్నతనపు గుర్తులు, అల్లరి వస్తువులు. లిలియన్ కళ్లు చెమరుస్తాయి. వెంటనే హెలెన్ లేచి తన కానుక ఇస్తుంది: నిజంగా పారిస్ ప్రయాణం! లిలియన్ ఆనందం పట్టలేకపోతుంది. యానీ పెట్టె ఎక్కడో పక్కకి పోతుంది. అప్పుడు యానీ ఆ తోటలో చేసే వీరంగం, అలంకారాల మీద పడి పీకి పోగులు పెట్టడం చూసి జనం మళ్లీ నవ్వుతారు. పోటీపడి చదివింపులు చదివించే పెళ్లిళ్లలో, ఇంట్లో కుట్టి తెచ్చిన దిండుగలీబులు పట్టుకుని వరసలో నిలబడిన మన ఆడవాళ్లు అంత తేలిగ్గా నవ్వలేరు. 

అయితే ఈ సినిమాలో లోపం లేదా? ఉంది. మూడొంతుల కథ హెలెన్ డబ్బుని వెక్కిరించి, ఆఖరి వంతులో ఆ డబ్బు ముందే చేతులు కట్టుకుని నిలబడుతుంది. భర్త ఊళ్లు తిరుగుతుంటే ఒంటరిగా ఉండే హెలెన్ కన్నీళ్లు పెట్టుకుంటుంది, యానీ ఓదారుస్తుంది, అది బాగుంది. కానీ పెళ్లిలో హెలెన్ పిలిపించిన పేరుమోసిన గాయనులు పాడుతుంటే అందరూ ఆనందంగా గంతులేస్తారు. మరి యానీ లెక్క ఎవరు తేల్చారు? లిలియన్ ఒక్కసారైనా 'నీకు వెగాస్ కష్టమని నాకు తోచలేదే' అనిందా? అనలేదు. స్నేహితురాలిని క్షమించారు గాని ఆమె పేదరికాన్ని ఎవరూ చూడలేదు. పాట మోగితే పద్దు మరిచిపోతామని సినిమావాళ్లకి ఎంత నమ్మకమో!

ఈ పద్దుని మరిచిపోకుండా రాసిన పుస్తకం ఒకటి అంతకు నూరేళ్ల ముందే ఉంది. 1908లో ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన 'ఎ రూమ్ విత్ ఎ వ్యూ'. భారతదేశం మీద నవల రాసిన ఆయనే. దీన్ని 1985లో జేమ్స్ ఐవరీ సినిమాగా తీస్తే, రూత్ ప్రవర్ ఝాబ్‌వాలా స్క్రీన్‌ప్లే రాసింది. ఇది బ్యాచిలరెట్ యాత్ర కాదు. అయినా సంగతి దగ్గరిదే. పెళ్లీడుకొచ్చిన లూసీ హనీచర్చ్ ఇటలీలోని ఫ్లారెన్స్ నగరం చూడడానికి వెళుతుంది. ఒంటరిగా పంపరు కనక తోడు షార్లెట్ అనే వయసు మళ్లిన అవివాహిత, వరసకి అక్క. నవల తెరుచుకోవడమే గదుల తగాదాతో తెరుచుకుంటుంది. నది కనబడే గదులిస్తామని చెప్పి వెనక పెరడు కనబడే గదులిచ్చారు!

ఆ మొదటి పేజీల్లోనే ఫార్‌స్టర్ నెమ్మదిగా ఒక మాట చెప్పేస్తాడు. షార్లెట్ ప్రయాణపు ఖర్చులో కొంత లూసీ తల్లి పెట్టుకుంది. అంతే, ఆ తరవాత షార్లెట్ ఏం మాట్లాడినా మనకి ఆ పద్దే వినబడుతుంది. నాకు ఏ మూల అయినా ఫరవాలేదు, మంచి గది నువ్వు తీసుకో, మీ అమ్మగారి దయ... ఇదే వరస. ఎమర్సన్ అనే ముసలాయన తన గదీ కొడుకు గదీ ఇస్తాను తీసుకోండి అంటే ఆవిడ హడలిపోతుంది. ముక్కూ మొహం తెలియనివాడికి రుణపడితే ఎలా?

ఇంకా తమాషా ఏమిటంటే, ఇంగ్లండుకి తిరిగొచ్చాక షార్లెట్ లూసీ ఇంటికి ఒకసారి వస్తుంది. ఒక స్టేషన్లో దిగవలసింది ఇంకొక స్టేషన్లో దిగి, బండి కట్టించుకు వస్తుంది. బండివాడికి లూసీ తమ్ముడు ఇచ్చిన 5 షిల్లింగులు, పైన ఇచ్చిన ఇంకో షిల్లింగు తను తిరిగి ఇచ్చేస్తే గాని ఆవిడకి ఊపిరాడదు. చిల్లర ఉండదు. కుర్రకారు ఆ లెక్కని తికమక చేసి ఆవిడని ఏడిపిస్తారు. చదువుతున్నంతసేపూ నవ్వొస్తుంది. చదివాక ఎక్కడో చివుక్కుమంటుంది.

యానీకీ షార్లెట్‌కీ ఇదే తేడా. యానీ పుచ్చుకోలేదు, చిన్నబోయింది. షార్లెట్ పుచ్చుకుంది, ఇంకా చిన్నబోయింది. పైగా ఫార్‌స్టర్ ఇంకో లోతుకి దిగాడు. పుచ్చుకున్నవాళ్లు ఎప్పుడూ అమాయకులే అనుకోవద్దంటాడు. తన లేమిని పదేపదే ఎదుటివాళ్ల ముందు పరచి, తన త్యాగాలతో లూసీకి ఊపిరి సలపకుండా చేసేది ఆ షార్లెటే. మంచి గది నీదేనంటూనే, ఒకసారి గదులు మారాక పెద్ద గది తనే తీసుకుంటుంది, దానికీ ఒక మర్యాద కారణం చెబుతుంది. మన ఉమ్మడి కుటుంబాల్లో ఇలాంటి అత్తయ్యలు, పిన్నమ్మలు ఎందరు! 'నాకెందుకమ్మా, ఏ చాపైనా చాలు' అంటూనే ఇంటిల్లిపాదినీ చాప చుట్టూ తిప్పేవాళ్లు. ఆవిడ మీద కోపం తెప్పించి, చివరికి ఆవిడ మీదే జాలి పుట్టించడం పెద్ద రచయిత చెయ్యగల పని.

ఇక మూడోది అందరూ చూసిందే, 2014 నాటి హిందీ 'క్వీన్'. వికాస్ బహల్ తీశాడు. కంగనా రనౌత్‌కి జాతీయ అవార్డు తెచ్చిపెట్టింది. దక్షిణాది నాలుగు భాషల్లోనూ దాన్ని మళ్లీ తియ్యబూనారు, తెలుగులో తమన్నా. ఢిల్లీ రాజౌరీ గార్డెన్‌లో మిఠాయి దుకాణం పెట్టుకున్నాయన కూతురు రాణి. పెళ్లి ఇంకా రెండు రోజులుందనగా పెళ్లికొడుకు వద్దుపొమ్మంటాడు. హనీమూన్ కోసం ముందే తీసుకున్న టిక్కెట్లు ఉన్నాయి: పారిస్, ఆంస్టర్‌డాం. చేతుల మెహందీ పోకముందే ఆ పిల్ల ఒక్కతే బయలుదేరుతుంది.

బ్రైడ్స్‌మెయిడ్స్‌లో ఎవరూ వెళ్లని పారిస్‌కి రాణి వెళ్లింది. వెళ్లి ఏం చూసింది? ఈఫిల్ టవర్ ఎటు తిరిగినా ఎదురుపడి భయపెడుతుంది. రాత్రి దొంగ ఒకడు చేతిసంచి లాగబోతే, ప్రాణం పోయినా వదలనన్నట్టు ఆ పిల్ల సంచిని పట్టుకు వేలాడుతుంది. నా దృష్టిలో సినిమాకి ఆయువుపట్టు ఆ పెనుగులాట. మొగుడు కాబోయినవాడు చెయ్యి వదిలేస్తే ఏమీ అనలేని పిల్ల, సంచిని మాత్రం వదల్లేదు. అందులో డబ్బుంది, పాస్‌పోర్టుంది, ఇంటికి తిరిగొచ్చే దారుంది. అక్కడ ఆమెకి దొరికిన నేస్తం విజయలక్ష్మి, ఆ హోటల్లోనే పనిచేసుకుంటూ పిల్లవాడిని పెంచుకుంటున్న పిల్ల. ఆంస్టర్‌డాంలో చూసిన రుక్సార్, ఇంటికి డబ్బు పంపడం కోసం దేశం కాని దేశంలో ఒళ్లమ్ముకుంటున్న పాకిస్తానీ అమ్మాయి. రాణి పానీపూరీలు చేసి అమ్మి ఆ ఊళ్లో నాలుగు డబ్బులు కళ్లజూస్తుంది. ఊరు పరిచయమైనప్పటికంటే, ఆ ఊళ్లో సంపాదన ఎలా ఉంటుందో పరిచయమైనప్పుడే ఆమె నడక మారింది. ఢిల్లీ తిరిగొచ్చి ఉంగరం వాడి చేతిలో పెట్టి, కృతజ్ఞత చెప్పి మరీ బయటికి నడిచింది.

ఇదీ చక్కని కథే. కాకపోతే ఒక సులువు చూసుకుంది. ఒంటరిగా వెళ్లినవాళ్లకి వాటాల బెడద ఉండదు. రాణి ఎవరికీ బాకీ లేదు కనక ఎవరి ముందూ తల వంచలేదు. నలుగురితో నారాయణా అంటూ బయలుదేరినప్పుడు, అందులో ఇద్దరికి జీతాలు పెద్దవై, ఒకరికి ఉద్యోగం ఊడి, ఇంకొకరు అత్తగారిని అడిగి రావలసివచ్చినప్పుడు ఏం జరుగుతుందో 'క్వీన్' చెప్పదు. ఆ కష్టమైన లెక్క జోలికి పోయింది యానీని సృష్టించిన ఆ ఇద్దరు స్త్రీలే. తేల్చలేకపోయినా, పలక మీద లెక్కంటూ వేశారు.

కలిమిలేములు కావడి కుండలని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. బడిలో, కాలేజీలో ఆ కుండలు ఎవరికీ కనబడవు. అందరివీ అవే ఓణీలు, అవే బస్సు పాసులు. పెళ్లి దగ్గర మొదటిసారిగా కావడి ఎటు ఒరిగిందో తెలుస్తుంది. అప్పుడు ఉన్న పిల్ల దర్పం కోసమే ఖర్చు పెడుతుందనీ చెప్పలేం, లేని పిల్ల అసూయతోనే మొహం ముడుచుకుందనీ చెప్పలేం. చాలాసార్లు మధ్యలో ఉన్నది ఉత్త మొహమాటం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అప్పు చేసి వెళ్లే పిల్లలున్నారు. జ్వరమనో, సెలవు దొరకలేదనో అబద్ధమాడి మానేసే పిల్లలున్నారు. ఆ అబద్ధాన్ని నిజమని నమ్మి, 'చూశావా, నా పెళ్లికి రాలేదు' అని జీవితాంతం మనసులో పెట్టుకునే పెళ్లికూతుళ్లూ ఉన్నారు. ఏ శత్రుత్వమూ లేకుండా, ఎవరి తప్పూ లేకుండా, ఇరవయ్యేళ్ల స్నేహాలు ఇలా ఒక్క టిక్కెట్టు ధర దగ్గర ఆగిపోతాయి. ఇంతకంటే కథావస్తువు ఇంకేం కావాలి? తెలుగులో దీన్ని చెయ్యి తిరిగిన రచయిత్రి ఎవరైనా రాస్తే, విమానాశ్రయం దీపాల దగ్గర మొదలుపెట్టక్కరలేదు. నలుగురు పిల్లలు వంటింటి బల్ల చుట్టూ కూర్చుని ఏ ఊరు వెళ్దామా అని ఆలోచించే ఆ గంటసేపు చాలు.

ఆ బల్ల దగ్గర పెళ్లికూతురు నోరు తెరిచి, 'ఊరి పేర్లు తరవాత చెబుదురుగానీ, ముందు ఎవరికి ఎంతలో వీలవుతుందో చెప్పండే' అని అడిగిందనుకోండి. యానీ కథ అక్కడికక్కడే ఆగిపోతుంది. సినిమా ఉండదు. స్నేహం ఉంటుంది.